ఊరందరి బళ్ళకీ టాపెట్లే

సత్తియ్య మేస్త్రికి చెవుడు. ఈ సంగతి లోకంలో ఇద్దరికే తెలుసు. ఒకరు ఆయన భార్య సంపూర్ణమ్మ, రెండోవారు ఆయనే. మిగతా లోకానికి, అంటే రామచంద్రపురం చుట్టుపక్కల పాత ట్రాక్టరున్న ప్రతివాడికీ, ఆయన పేరు చెవి మేస్త్రి.

వినపడని మనిషికి చెవి పేరుతో బిరుదేమిటంటే, అందులో ఆయన తప్పేమీ లేదు. చిన్నప్పుడు రెండు చెవులూ కారేవి. వాళ్ళమ్మ వెల్లుల్లిపాయలు కాచిన నూనె పోసి దూది పెట్టేది. నలభై ఏళ్ళొచ్చేసరికి ఎదురుగా ఉన్నవాడి మాట కాలవ అవతలి గట్టు మీంచి వచ్చినట్టుండేది. యాభై దాటాక గట్టు ఇంకా దూరం జరిగిపోయింది. కాని ఇంజను మాత్రం ఆయనకి గోరంత తేడా లేకుండా వినపడేది. చెవితో కాదు, పంటితో.

ఆయన దగ్గర మూరెడు పొడవు స్క్రూడ్రైవరొకటి ఉంది, చెక్క పిడిది. మొన ఇంజనుకి ఆనించి, పిడిని దవడ పళ్ళ మధ్య కరిచిపట్టి, కళ్ళు మూసుకునేవాడు. ఇంజను కడుపులో ఏ మూల ఏం కదులుతోందో ఆ ఇనుప కడ్డీ వెంట పాకి, పంట్లోంచి దవడలోకి, దవడలోంచి నెత్తిలోకి వచ్చేసేది. మిగతా మేస్త్రీలు అదే కడ్డీ చెవికి ఆనించి విని, పక్కవాళ్ళని "కాస్త మాట్లాడకండయ్యా" అని కసిరేవాళ్ళు. సత్తియ్య ఎవర్నీ కసరడు. చుట్టూ పదిమంది తగువులాడుకుంటున్నా ఆయనకి అడ్డం కాదు. అడ్డమవ్వాలంటే ముందు వినపడాలిగా.

అలా కరిచి, కళ్ళు తెరిచి, తీర్పు చెప్పేవాడు. "చల్లగా ఉన్నప్పుడు కొట్టి, వేడెక్కాక తగ్గితే అది వయసండి. మీకూ పొద్దున్నే లేస్తే మోకాళ్ళు పట్టేస్తాయి కదా, అలాంటిది. చల్లగా ఉన్నప్పుడు ఊరుకుని, వేడెక్కాక కొట్టిందనుకోండి, అది రోగం." పైన టకటకలాడితే టాపెట్లు. అవి ఇంజను నెత్తినుండే చిన్న మీటలు, సందు పెరిగితే గోల చేస్తాయి తప్ప ప్రాణం మీదికి తేవు. అడుగున బరువుగా కొడితే మాత్రం క్రాంకుని పట్టుకుని తిరిగే రాడ్డు బేరింగు. అది అరిగాక కూడా బండి తోలితే, ఆ రాడ్డు ఏదో ఒక పూట ఇంజను పొట్ట చీల్చుకుని బయటికొస్తుంది. ఆ పైన ఆ బండిని తూకానికి అమ్ముకోవడమే. ముప్పై ఏళ్ళలో ఆయన చెప్పింది తప్పు పోలేదు.

మనుషులతోనే వచ్చేది చిక్కు. దానికీ ఓ ఏర్పాటు చేసుకున్నాడు. పెదాలు చూసి సగం పట్టేవాడు. మిగతా సగానికి మూడు జవాబులు దగ్గర పెట్టుకున్నాడు: "అవునండి", "చూద్దాం లెండి", "పాత బండి కదండీ". ఈ మూడింటితో గోదావరి జిల్లాలో మనిషన్నవాడు హాయిగా బతికెయ్యొచ్చని ఆయన నిరూపించాడు. ఎవరైనా పెళ్ళికి పిలిస్తే "ఆయిలు మార్చారా?" అనేవాడు. పిలిచినవాళ్ళు మురిసిపోయేవాళ్ళు. "చూశారా, పనికిమాలిన మాట చెవికెక్కదు. ఆ బుర్రంతా ఇంజనే" అని ఊరంతా చెప్పుకునేవాళ్ళు. ఫోనొస్తే సంపూర్ణమ్మ తీసి మాట్లాడేది. మేస్త్రి గారు తన చెయ్యి నూనె చెయ్యంటూ చూపించేవాడు.

ఇలా నడుస్తున్న బతుకులో పళ్ళు కదలడం మొదలెట్టాయి. షుగరు. ఒకటీ ఒకటీ రాలిపోగా, ఈ వేసవికి దవడలో ఐదు మిగిలాయి. ఆ ఐదూ చీము పట్టాయి. రామచంద్రపురం పళ్ళ డాక్టరమ్మ అన్నీ తీసేసి సెట్టు కట్టాలంది.

"కుదరదు" అన్నాడు సత్తియ్య.

"ముద్ద నమల్లేక పేగులు పట్టుకుపోతున్నాయి, కుదరదేంటండీ?" అంది సంపూర్ణమ్మ, ఆయనకి అందేలా పెదాలు సాగదీసి.

"ముద్ద సంగతి కాదే. ఇంజను..."

"కరవడానికి పళ్ళు కావాలి, అంతేగా. డాక్టరమ్మ పెట్టేవి ముప్పై రెండు. మీకున్నవి ఐదు. ఏది నయం?"

లెక్క బాగానే ఉందనిపించింది ఆయనకి. వేసవిలో బళ్ళు ఎలాగూ తక్కువే. పచ్చకామెర్లని చెప్పి షెడ్డు మూసి, రెండు నెలలు ఇంట్లో కూచుని, పెదవి కనపడకుండా మీసం పెంచాడు. జూన్‌లో కాలవలకి నీళ్ళొదిలే వారం సెట్టు నోట్లోకొచ్చింది. కొబ్బరి ముక్కలు పేర్చినట్టు తెల్లగా, వరసగా. ఎవరూ కనిపెట్టలేదని ఆయన ధీమా. నవ్వకుండా తిరిగాడు. ఊళ్ళో వాళ్ళు, పాపం కామెర్లు మనిషిని మార్చేశాయి అన్నారట. నలుగురు ఆడవాళ్ళు మాత్రం, కామెర్లకి ముప్పై రెండు పళ్ళు మొలవడం ఎక్కడా చూళ్ళేదని నవ్వుకున్నారట. అవేవీ ఆయన దాకా రాలేదు.

సెట్టు పెట్టుకున్నాక మొదటి ట్రాక్టరొచ్చిన రోజు పిడిని రెండుసార్లు తుడుచుకున్నాడు. స్క్రూడ్రైవరు ఆనించి, పిడి కరిచాడు. వినపడింది! టక్ టక్ టక్ టక్. శుభ్రంగా, మునుపటికంటే గట్టిగా. కళ్ళలో నీళ్ళు తిరిగినంత పనైంది.

"టాపెట్లండి" అన్నాడు. మూత విప్పి, సందులు సరిచేసి, మళ్ళీ కరిచి చూశాడు. కాస్త తగ్గినట్టే ఉంది. తను చేసిన పని మీద ఎవరికి నమ్మకముండదు?

రెండోదీ టాపెట్లే, మూడోదీ టాపెట్లే. మూడు వారాల్లో పదకొండు ట్రాక్టర్లొస్తే పదకొండింటికీ టాపెట్లే. ఊరందరి బళ్ళకీ ఒకేసారి అదే జబ్బెలా వచ్చిందని రైతులు అడగలేదు. ఆయనే తనకి తాను సమాధానం చెప్పుకుని, వాళ్ళకీ చెప్పాడు. "ఈ ఏడు ఎండలు చూశారా? ఇనుము సాగిపోయిందండి." జానకిరామ్ గారని, పెద్ద రైతు, వారం పోయాక పనిగట్టుకొచ్చి, "మీ చెయ్యి పడ్డాక బండి పాలు తాగినట్టు పోతందండీ మేస్త్రీ" అని చెప్పి వెళ్ళాడు. సత్తియ్య పెదాలు చూసి పట్టినది "పాలు" ఒక్కటే. "అవునండి" అన్నాడు.

పదకొండోది పెదబాబు గారి ఎర్ర ట్రాక్టరు.

అది వాళ్ళ నాన్న కొన్న బండి, ముప్పై రెండేళ్ళది. లాకుల దిగువన, కాలవ చివర్న ఉన్న చేలన్నిటికీ దమ్ము చేసిపెట్టేది అదొక్కటే. చేలో నీళ్ళు నిలగట్టి, ఇనప చక్రాలేసి మట్టిని గుజ్జు చేస్తేనే ఊడుపు. ఆ బండి ఆగితే ఆ వైపు ఊడుపులు ఆగుతాయి. నారుమడిలో ఆకు ముదిరిపోయి గడ్డైపోతుంది. మంగళవారం పెదబాబు దాన్ని షెడ్డుకి తెచ్చి, ఏదో చెప్పాడు. జర్దా కిళ్ళీ నోట్లో ఉంది. పైగా ఉమ్ము పడకుండా తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. పెదాలేవీ కనపళ్ళేదు సత్తియ్యకి. ఆ చెయ్యి మాత్రం ఇంజను అడుగు వైపు చూపిస్తూ, అరచేత్తో గాలిని నెమ్మదిగా కొడుతోంది.

నెమ్మదిగా చూడమంటున్నాడనుకున్నాడు. పిడి కరిచాడు. టక్ టక్ టక్ టక్.

"టాపెట్లండి. సరిచేస్తాను. ఏం పర్లేదు, దమ్ముకి దింపెయ్యండి."

పెదబాబు తువ్వాలు తీశాడు. "ఖాయమేనాండీ?"

అది మాత్రం చక్కగా పట్టాడు. "పాత బండి కదండీ" అన్నాడు నవ్వకుండా.

*

గురువారం పొద్దున్న, సెట్టు వదులైందని, ఎక్కడికెళ్ళినా వదలని పనిముట్ల సంచీ చంకన వేసుకుని రామచంద్రపురం వెళ్ళాడు. డాక్టరమ్మ పై సెట్టు తీసి వెలుతురులో తిప్పి తిప్పి చూసింది. వెనక పళ్ళ మీద గాట్లు.

"ఏం కొరుకుతున్నారు మీరు?" అంది గట్టిగా.

"చేగోడీలండి."

"చేగోడీలా? ఇనప చేగోడీలా?"

"అవునండి."

ఆవిడ నవ్వాపుకుని, ఓ పొడి రాసిచ్చి, కొత్త పళ్ళు అతుక్కునేదాకా మెత్తటివే తినమంది. మళ్ళీ ఏదో అడిగింది. "చూద్దాం లెండి" అని చెప్పి బస్సెక్కేశాడు.

కిటికీ పక్క సీటు దొరికింది. ముందు సీటు కడ్డీ మీద గడ్డం ఆనించి కళ్ళు మూశాడు. బస్సు కదిలింది.

టక్ టక్ టక్ టక్.

ఈ బస్సుకీ టాపెట్లే, అనుకున్నాడు సత్తియ్య, గర్వంగానే. గవర్నమెంటు బండి, ఎవడు చూస్తాడు. అలా అర కిలోమీటరు వెళ్ళాక, ఎందుకో ఆవలింత వచ్చింది. నోరు తెరిచాడు. టాపెట్లు ఆగిపోయాయి. నోరు మూశాడు. టాపెట్లు మొదలయ్యాయి.

ఆయన కళ్ళు తెరిచాడు.

బొటనవేలు నోట్లో పెట్టి పై సెట్టుని చిగురుకేసి నొక్కిపట్టి, మళ్ళీ గడ్డం కడ్డీకి ఆనించాడు. ఇంజను గురగుర మాత్రం దూరంగా, మెత్తగా. టక్ లేదు. వేలు తీశాడు. టక్ టక్ టక్ టక్. పక్కనున్న పెద్దావిడ, అరవయ్యేళ్ళ మనిషి వేలు చీకడం చూసి, సంచీ ఒళ్ళోకి తీసుకుని అటు జరిగి కూచుంది.

టాపెట్లు బస్సువి కావు. పదకొండు ట్రాక్టర్లవీ కావు. పై పళ్ళూ కింది పళ్ళూ ఒకదాన్నొకటి కొట్టుకుంటున్న చప్పుడది. మూడు వారాలుగా ఆయన విన్నదంతా తన నోరే.

 ఒక్కో బండీ గుర్తుకొచ్చింది. పది బళ్ళకి పర్వాలేదు, ఊరికే తలుపులు తీసి వేసినట్టు. అవి రోగంతో రాలేదు, సీజను ముందు ఓసారి చూడమని వచ్చాయంతే. పదకొండోది కళ్ళముందుకొచ్చి ఆగింది. పెదబాబు చెయ్యి. ఇంజను అడుగు వైపు, అరచేత్తో, నెమ్మదిగా, బరువుగా. నెమ్మదిగా చూడమని కాదది. అడుగున కొడుతోందని.

టైము పదిన్నర. పొద్దున్న ఆరింటికి దింపిన బండి ఈపాటికి బాగా వేడెక్కి ఉంటుంది.

బస్సు నిండా జనం. దిగాల్సిన ఊరు ఇంకా ఆరు కిలోమీటర్లు. కిటికీకి కడ్డీలు. ఆ సీట్లో సత్తియ్య బోనులో కూచున్నట్టు కూచుని, ఫోను తీసి పెదబాబు నంబరు నొక్కాడు. అవతల మోగుతోందో, ఎత్తారో తెలిసే దారి లేదు. మనసులో పది అంకెలు లెక్కపెట్టి, ఎత్తే ఉంటాడని అరిచేశాడు.

"ఆపండి! బండి ఆపండి బాబు గారూ! ఉన్నపళంగా ఆపెయ్యండి!"

డ్రైవరు బ్రేకు తొక్కాడు. నిలబడ్డవాళ్ళంతా ముందుకి తూలారు. కండక్టరు ఎర్రగా చూస్తూ వచ్చి ఏదో అంటున్నాడు. పక్కనున్న పెద్దావిడ ఆయన చేతిలో ఫోను లాక్కుని చెవి దగ్గర పెట్టుకుని, "ఫోను స్విచ్చాపంటందండి బాబూ, ఎవరితో మాట్టాడతన్నారు మీరు?" అంది.

"అవునండి" అన్నాడు సత్తియ్య.

అందరి చేతులూ తలుపు వైపు చూపిస్తున్నాయి. దిగాడు. బస్సు వెళ్ళిపోయాక చుట్టూ చూస్తే లాకులు. ఒకందుకు మంచిదే అయింది. కాలవ గట్టెమ్మట అడ్డంగా పోతే పెదబాబు చేలు ఇక్కడికి కిలోమీటరున్నర.

సాయంత్రం మనవరాలి పుట్టినరోజని వేసుకొచ్చిన తెల్ల చొక్కా, తెల్ల పంచె. జారుతూ, లేస్తూ, పంచె ఎగ్గట్టి నడిచాడు. ఏం చెప్పాలో దారంతా కట్టుకుంటూనే ఉన్నాడు. నాజిల్లో అనుమానం వచ్చిందని. కాదు, కల వచ్చిందని. కాదు, ఊరికే ఇటు పోతూ... ఏది కట్టినా రెండడుగులకే విడిపోయేది. టాపెట్లని ఎందుకన్నావంటే? చప్పుడు విని. ఏ చప్పుడు? అక్కడికొచ్చి ఆగిపోయేది. ముప్పై ఏళ్ళ పేరు ఆ ఒక్క ప్రశ్న మీద నిలబడి ఉంది.

చేను దగ్గరికొచ్చేసరికి బండి తిరుగుతూనే ఉంది. పెద్ద ఇనప చక్రాలు బురదని చిమ్ముతున్నాయి. వెనక కొంగలు వరసకట్టి నడుస్తున్నాయి. సీటు మీద డ్రైవరు గంగరాజు. గట్టు మీద గొడుగేసుకుని పెదబాబు. పక్క మడిలో నాగదుర్గ ఆడకూలీల ముఠా ఆకు తీసి కట్టలు కడుతోంది. రేపు ఊడుపు ఇక్కడే.

"ఏంటి మేస్త్రీ, ఇలా వచ్చారు?" అన్నాడు పెదబాబు. కిళ్ళీ లేదు, మాట కనపడింది.

"చూద్దాం లెండి" అన్నాడు సత్తియ్య. అన్నాక, ఆ జవాబు ఇక్కడ అతకలేదని అర్థమైంది.

అక్కడ, ఆ గట్టు మీద ఓ నిమిషం నిలబడ్డాడు. బండి బాగానే తిరుగుతోంది. పొగ కూడా నల్లగా లేదు. ఏమో, బాగానే ఉందేమో. వెనక్కి పోయినా ఎవరూ ఏమీ అనరు. రేపు ఇంజను పోయినా ఎవరూ ఏమీ అనరు. టాపెట్లు వేరు, ఇది వేరు, ముప్పై రెండేళ్ళ బండి కదండీ అంటే పెదబాబే తలూపుతాడు. ఆ మూడో జవాబు ఇలాంటి రోజు కోసమే పుట్టినట్టుంది. వెనక్కి తిరగబోయాడు కూడా.

అప్పుడు గంగరాజుని చూశాడు. మడి చివర బండి మలుపుతూ గంగరాజు మెడ ఓ పక్కకి వంచాడు. ఏక్సిలేటరు కొంచెం తగ్గించాడు. మెడ ఇంకాస్త వంచాడు. వింటున్న మనిషి మెడ ఎలా వంగుతుందో సత్తియ్యకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలీదు. పాతికేళ్ళుగా ఆయన నటిస్తున్నది అదే.

తెల్ల పంచెతో బురదలోకి దిగిపోయాడు.

"ఒరే గంగరాజూ! తొక్కడం ఆపు! ఇంజను ఆపకు!"

గంగరాజు బండి నిలిపి తెల్లబోయి చూశాడు. "నేనూ అదే అనుకుంటన్నానండీ మేస్త్రిగారూ. పొద్దున్న బానే ఉంటదండి. పదింటి కాడ్నించీ అడుగున ఏదో..." అంటూ పాదం కింద ఏదో తన్నినట్టు చూపించాడు.

"మరి చెప్పవేంరా?"

"మీరు టాపెట్లన్నాక నేనెవర్నండీ చెప్పడానికి? నా చెవే పాడైందేమోననుకున్నాను."

"ఆయిలు మీటరు ముల్లు?"

"అది ఎప్పుడూ పడుకునే ఉంటదండి."

సత్తియ్య సంచీలోంచి స్క్రూడ్రైవరు తీశాడు. అలవాటు కొద్దీ పిడి కరిచాడు. టక్ టక్ టక్ టక్. నోట్లోంచి తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. గొడుగుతో సహా పెదబాబు మడిలోకి దిగొచ్చాడు. నాగదుర్గ ముఠా అంతా నడుములెత్తి చూస్తోంది.

"టాపెట్లు మళ్ళీ వదులయ్యాయాండీ?" అన్నాడు పెదబాబు.

"టాపెట్లు కాదండి" అన్నాడు సత్తియ్య. ఇక ఆగలేదు. "అవి టాపెట్లు కావండి. మొన్న మీరు చెప్పింది నాకు వినపళ్ళేదు. బండి చెప్పిందీ వినపళ్ళేదు. నాకు చెవుడండి."

పెదబాబు పకపకా నవ్వాడు. "మీకా? మీకు చెవుడైతే మేమంతా గుడ్డోళ్ళమండి బాబూ. వేళాకోళం తర్వాత, ముందు బండి చూడండి."

ఆ నవ్వుకి సత్తియ్యకి ఏడుపొచ్చినంత పనైంది. చెప్పినా నమ్మకపోతే ఇంకేం చెయ్యాలి? నోట్లో చెయ్యి పెట్టాడు. పైది ఊడదీశాడు. కిందది ఊడదీశాడు. పెట్టడానికి చోటు లేదు, చుట్టూ బురద.

"ఇవి కాస్త పట్టుకోండి" అని పెదబాబు చేతిలో పెట్టాడు.

పెద్దరైతు, నలుగురిలో పేరున్న మనిషి, అరచేయి దోసిలి పట్టి అలాగే ఉండిపోయాడు. గొడుగు పక్కకి వాలిపోయింది. పక్క మడిలోంచి నాగదుర్గ కేకేసింది.

"ఏంటండీ బాబు గారూ, తీర్థం పట్టినట్టు పట్టుకున్నారు? కళ్ళకద్దుకుని నోట్లో వేసుకోండి మరి!"

ముఠా అంతా కట్టలు వదిలేసి నవ్వింది. గంగరాజు తల పక్కకి తిప్పుకున్నాడు. భుజాలు మాత్రం కదులుతున్నాయి. సత్తియ్యకి నవ్వు వినపళ్ళేదు గాని, నోళ్ళన్నీ తెరుచుకుని ఉండడం కనపడింది. పళ్ళు. అందరికీ ఎన్నెన్ని పళ్ళో.

పిడి చిగుళ్ళ మధ్య పెట్టుకున్నాడు. జారిపోయింది. మళ్ళీ పెట్టుకున్నాడు. జారి పెదవికి తగిలింది. ఇంకేం చెయ్యాలో తెలీక, కడ్డీ మొన ఇంజను పక్కన అడుగున ఆనించి, పిడిని చెవి వెనక బొమికకేసి అరచేత్తో బలంగా నొక్కి, తల వంచి ఉండిపోయాడు. ఆ బొమికకి పంటిపాటి తెలివుందని ఆయనకి అన్నాళ్ళూ తెలీదు. తెలుసుకోవలసిన అవసరం పళ్ళు రానివ్వలేదు.

ధన్. ధన్. ధన్.

దిమ్మిసతో నేల కుమ్ముతున్నట్టు. అడుగునుంచి, బరువుగా. అదీ పాత చప్పుడు. ఎన్నో బళ్ళలో విన్నదే.

పానా తీసి, ఒక్కో సిలిండరుకి డీజిలు పోయే గొట్టం నట్టు వదులు చేసి చూశాడు. మొదటిది వదిలితే మార్పు లేదు. రెండోది వదిలినా లేదు. మూడోది వదిలేసరికి, ఆ సిలిండరుకి డీజిలు అందక, బరువు దించుకున్నట్టు ఆ దెబ్బ తగ్గిపోయింది. నట్టు బిగించాడు. ధన్.

"ఆఫెయ్‌రా" అన్నాడు బోసినోటితో.

ఇంజను ఆగింది. కొంగలు కూడా ఆగాయి.

ఇంకో బండి తెప్పించి ఎర్ర ట్రాక్టరుని గట్టెక్కించి, మధ్యాహ్నానికి అడుగున ఆయిలు చాంబరు విప్పారు. మూడో రాడ్డు బేరింగు సగం అరిగి తమలపాకంత పలచనై, రాగి తేలి మెరుస్తోంది. క్రాంకు మీద గోటితో రాస్తే తెలిసీ తెలియనంత గీత. సత్తియ్య ఆ ముక్క పెదబాబు చేతిలో పెట్టాడు. ఆ చేతిలో అప్పటిదాకా ఉన్న పళ్ళు తీసుకుని, కాలవలో కడిగి, పెట్టుకుని, అందరూ వినేలా మళ్ళీ మొదలెట్టాడు.

"ఇందాక చెప్పింది నిజమండి. నాకు వినపడదు. ఇన్నాళ్ళూ పళ్ళతో విన్నాను. ఇవి కట్టుడుపళ్ళు. వీటితో వింటే ఇవే వినపడతాయి. ఈ సీజన్లో నేను చూసిన పదకొండు బళ్ళకీ టాపెట్ల రోగం లేదు. ఆ టకటక నా నోట్లోది. ఇంకో గంట తిరిగుంటే ఈ రాడ్డు బయటికొచ్చేది. అది నా వల్లే అయ్యేది."

పెదబాబు బేరింగు ముక్కని వేళ్ళ మధ్య తిప్పుతున్నాడు. "గంటలో పోయే ఇంజను," అన్నాడు గంగరాజుతో. "ఎక్కడో బస్సులో ఉన్న మనిషికి తెలిసిపోయిందిరా. ఫోను కూడా లేకుండా."

"అది కాదండీ..."

"పళ్ళడ్డమనిపిస్తే పళ్ళు తీసి చేతిలో పెట్టేశాడు. ఇంతమంది ఆడోళ్ళ ముందు. పనంటే అదీ."

"పెదబాబు గారూ, నాకు చెవుడండి!"

"ఆయ్, అలాగే లెండి" అన్నాడు పెదబాబు భక్తిగా.

శుక్రవారం సాయంత్రానికే బండి మళ్ళీ మడిలోకి దిగింది. ఊడుపు శనివారానికి జరిగిందంతే. ఆకు ముదరలేదు. సత్తియ్య మిగతా పది బళ్ళ వాళ్ళ ఇళ్ళకీ తిరిగి, కడ్డీ చెవి వెనక పెట్టి ఒక్కోటీ మళ్ళీ చూసొచ్చాడు. ఎక్కడా వయసు తప్ప రోగం లేదు. అదే చెప్పాడు. టాపెట్లు అవసరం లేకుండా ముట్టుకున్నానని కూడా చెప్పాడు. జానకిరామ్ గారు నొచ్చుకున్నాడు. "మీరలా అనకండి. మీరు చేశాకే కదండీ బండి పాలు తాగినట్టు పోతంది" అని, కాఫీ ఇచ్చి పంపాడు.

ఆదివారం పొద్దున్న షెడ్డు ముందు మూడు ట్రాక్టర్లు. ద్రాక్షారం వైపు నుంచి ఒకటి, కొత్త మనుషులు. వాళ్ళని వెంటబెట్టుకొచ్చింది పెదబాబే. సత్తియ్య స్క్రూడ్రైవరు తీసి చెవి వెనక పెట్టుకోబోయాడు.

కొత్త రైతు ముందుకొచ్చాడు, చేతులు కట్టుకుని, ఏదో మొహమాటపడుతూ. పెదాలు సగమే కదిలాయి. సత్తియ్య సంపూర్ణమ్మ వైపు చూశాడు.

సంపూర్ణమ్మ చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. చెంగు తీసి, ఆయనకి అందేలా నెమ్మదిగా, ఒక్కో ముక్కా సాగదీసి చెప్పింది.

"పళ్ళు తీసి వినమంటన్నారండీ. అలాగైతేనే గురి తప్పదంట."

"తియ్యక్కర్లేదని చెప్పవే. కడ్డీ ఇక్కడ పెడితే చాలని చెప్పు. నాకు చెవుడని చెప్పు."

"చెప్పానండి."

"ఏమన్నారు?"

"పెద్దోళ్ళు అలాగే అంటారన్నారు."

కొత్త రైతు చేతులు జోడించాడు. వెనక వాళ్ళ డ్రైవరు ఫోను పైకెత్తి పట్టుకుని వీడియోకి సిద్ధంగా ఉన్నాడు. సత్తియ్య ఒకసారి రోడ్డు వైపు చూశాడు. ఆ దారికి అడ్డంగా మూడో ట్రాక్టరు ఆగి ఉంది.

సంపూర్ణమ్మ లోపలికెళ్ళి స్టీలు గ్లాసుతో నీళ్ళు తెచ్చి, ఆయన ముందు పట్టుకుంది. సత్తియ్య నోట్లో చెయ్యి పెట్టి, పై సెట్టు తీసి అందులో వేశాడు, కింద సెట్టు తీసి అందులో వేశాడు. ఆ చప్పుడు అక్కడున్న వాళ్ళందరికీ వినపడింది.